గాంధీ కొండ, జాకిర్ హుస్సేన్, మూడో తరగతి లెక్కలు

మా ఆఫీసులో పిల్లలున్న వాళ్ళందరికీ ఈ మధ్య ఒకటే ధ్యాస. ఆరేడేళ్ళ పిల్లలకి డబ్బు గురించి నేర్పించాలి. దానికి శని, ఆదివారాల్లో వర్క్‌షాపులు పెడుతున్నారు. ప్లాస్టిక్ నాణేలు, రంగు కాగితాల నోట్లు, అట్టముక్కలతో కట్టిన ఓ ఉత్తుత్తి సూపర్ మార్కెట్టు, మూడు గంటల ఆట, చివర్లో ఓ సర్టిఫికెట్టు. తప్పేం లేదు, పిల్లలు సరదాపడతారు. కానీ మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీములో ఒకాయన "మన చదువుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయండీ, అంతా బట్టీయే కదా, ఇదంతా అమెరికా వాళ్ళ దగ్గర్నుంచి మనకి ఇప్పుడిప్పుడే వస్తోంది" అన్నాడు. ఒంటిగంటన్నరకి మీటింగు ఉండబట్టి అక్కడ వాదన పెట్టుకోలేదు. ఇక్కడ పెట్టుకుంటాను.

మాది విజయవాడ వన్ టౌన్. తెలియని వాళ్ళ కోసం చెప్పాలంటే, రైల్వే స్టేషనుకి పడమటి పక్కన, కొండలకీ కృష్ణకీ కాలవలకీ మధ్య ఇరుక్కున్న పాత ఊరు. కాళేశ్వరరావు మార్కెట్టు, సామారంగం చౌక్, రథం సెంటరు, శివాలయం వీధి, వస్త్రలత... ఏ సందులో దూరినా బస్తానో, తానో, తరాజో తగులుతుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యి కాలవల్లో పడవలు తిరగడం మొదలయ్యాక ఈ ఊరు వ్యాపారానికి కూడలి అయింది. తర్వాత రైలొచ్చింది. కిరాణా హోల్‌సేల్ వ్యాపారంలో చాలా భాగం గొల్లపూడి కాంప్లెక్సుకి వెళ్ళిపోయినా, ఇప్పటికీ ఇక్కడ మూడో క్లాసు పిల్లాడు సాయంత్రం బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకోవడం మామూలే. వాడికి చిల్లర లెక్క ఎవరూ నేర్పరు. వచ్చేస్తుంది అంతే.

ఈ వన్ టౌన్ నెత్తి మీదే గాంధీ కొండ ఉంది. పాత పేరు ఓర్ కొండ, ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కెప్టెన్ ఓర్ పేరు మీద. చిన్నప్పుడు మేం అక్కడికి వెళ్ళేది గాంధీ గారి కోసం కాదు, టాయ్ ట్రైన్ కోసం. ఆ కొండ మీది 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబరు 6న ఆవిష్కరించింది అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్. సాధారణంగా రాష్ట్రపతులు వస్తారు, తెర లాగుతారు, వెళ్ళిపోతారు. కానీ ఈయన విషయం వేరు. పుట్టింది 1897లో హైదరాబాదులో. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు చేశాడు. జర్మన్ ఆర్థికవేత్త ఫ్రెడరిక్ లిస్ట్ పుస్తకాన్ని ఉర్దూలోకి అనువదించాడు. అదే చేత్తో చిన్నపిల్లలకి కథలు కూడా రాశాడు. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న పిల్లలకి చేతి పని ద్వారా లెక్కలూ, ఖాతాలూ, సరుకు విలువా ఎలా నేర్పాలో ఈ దేశంలో మొట్టమొదటి పూర్తి స్థాయి సిలబస్ తయారు చేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. అంటే మా లంచ్ టేబుల్ ప్రశ్నకి జవాబు మా ఇంటి వెనక కొండ మీద 1968 నుంచీ నిలబడి ఉందన్నమాట.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు ఓ వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరుకీ ఒక ఉత్తరం పంపాడు: మీ జిల్లాలో బడులు ఎన్ని, పిల్లలు ఎందరు, ఏం చెబుతున్నారు. జవాబులన్నీ కలిపితే మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. (అందులో ఆడపిల్లలు 4,540 మంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మన ప్రాచీన విద్య గొప్పదని ఫార్వర్డ్ మెసేజీలు పంపేవాళ్ళు దీన్ని ఎప్పుడూ ఎగరగొట్టేస్తారు.) చాలామంది కలెక్టర్లు అంకెలు నింపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823లో పెద్ద నివేదికే రాశాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం వైపు తెలుగు ప్రాంతం కూడా ఉండేది కాబట్టి, ఆయన వర్ణించింది మన వీధి బడినే.

ఐదో ఏట బడిలో వేస్తారు. పొద్దున ఆరింటికి బడి. మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరస. ఇన్సెంటివ్‌ల గురించి ఇంతకన్నా సూటి పాఠం నాకు ఏ మేనేజ్‌మెంట్ ట్రైనింగులోనూ దొరకలేదు :) ఇసకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. ముందు నేర్చుకున్నవాడు వెనకవాడికి చెబుతాడు. ఖర్చు లేని ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేననీ క్యాంప్‌బెల్ ఒప్పుకున్నాడు. ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులో చూసిన ఈ పద్ధతినే 1797లో లండన్లో పుస్తకంగా వేశాడు మరి.

లెక్కల దగ్గరే అసలు సంగతి ఉంది. మన వాళ్ళ భిన్నాలు పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున దిగుతాయని, చాలా లోతు దాకా పోతాయని క్యాంప్‌బెల్ గమనించాడు. పావు, పావులో పావు వీసం, అందులో పావు కాని. అంటే నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు. వీటికి తెలుగు లిపిలో వేరే అంకెలే ఉన్నాయి. మీ కంప్యూటర్లో కూడా ఉన్నాయి, 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో చేర్చారు. ఎందుకు నాలుగు? ఎందుకంటే గింజల్ని కొలిచేవాడికి సగం చెయ్యడం సులువు, పదో వంతు చెయ్యడం కష్టం. కుప్పని రెండు చేసి, మళ్ళీ రెండు చేస్తే పావు. కొలత పాత్రలు చూడండి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. గుణించుకుంటూ పోతే తూముకి 256 గిద్దెలు. రెండుకి ఎనిమిదో ఘాతం! మా బామ్మ వంటింట్లో ఎనిమిది బిట్లు ఉన్నాయని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఇరవై తూములు పుట్టి అనేసి ఎవరో మొత్తం అందం చెడగొట్టారు, అది వేరే సంగతి.

డబ్బూ అంతే. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానులు, కాబట్టి రూపాయికి 64 కానులు. రూపాయిలో అరవై నాలుగో వంతు కాని, పుట్టెడు గింజల్లో అరవై నాలుగో వంతూ కానియే. అదే భిన్నం, అదే మాట. కొలతా, ధరా ఒకే మెట్ల మీద నడిస్తే సరుకు ధర నోటి లెక్కలో వచ్చేస్తుంది. ఇది బట్టీ పెట్టిన చదువే, ఒప్పుకుంటాను. కానీ బట్టీ పెట్టిన ప్రతి మాట వెనకా ఇంట్లో ఓ ఇత్తడి పాత్ర ఉంది. పిల్లాడు బడిలో అన్న మాటని ఇంటికెళ్ళి చేత్తో ముట్టుకునేవాడు.

క్యాంప్‌బెల్ నివేదికలో ఇంతకన్నా ముఖ్యమైన ముక్క ఇంకోటుంది. తన జిల్లాలో తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకి 533 బడులు, 6,641 మంది పిల్లలే ఉన్నారు. ఎందుకింత తక్కువ? ఆయన జవాబు పంతుళ్ళ మీదికో, జనం మూఢత్వం మీదికో పోలేదు. ఇంగ్లండు బట్టలొచ్చి నేతగాళ్ళ బతుకు పోయింది, ఇక్కడి డబ్బు ఇక్కడ ఖర్చు కాకుండా బయటికి పోతోంది, మధ్యతరగతీ పేదలూ బడి ఖర్చు భరించలేకపోతున్నారు, పిల్లల లేత కాళ్ళూ చేతులూ కాస్త గట్టిపడగానే పనిలోకి దింపక తప్పడం లేదు అన్నాడు. కంపెనీ జీతం తింటూ ఒక కలెక్టరు ఈ మాట రాశాడు. ఎకనామిక్స్ నేర్పే బడికే ఎకనామిక్స్ దెబ్బ కొట్టిందన్నమాట. ఆ 'లేత చేతులు' అన్న సంగతి పక్కన పెట్టుకోండి. ఇహ ముందు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మధ్యలో స్వదేశీ రోజులొచ్చాయి. 1907లో బిపిన్ చంద్ర పాల్ మన కోస్తాలో తిరిగి ఉపన్యాసాలిచ్చిన వేడిలో పుట్టిన ఆలోచనే 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల అయింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య దాన్ని నిలబెట్టారు. పుస్తకం చదువుతో పాటు చేతి వృత్తులూ అక్కడ పాఠాలే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ మహాసభ కమిటీ సమావేశమైనప్పుడు పెట్టుకున్న లక్ష్యాలు చూడండి: కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. మన వాళ్ళకి ఆ సమావేశం అనగానే పింగళి వెంకయ్య జెండా ఒక్కటే గుర్తొస్తుంది. కానీ ఒక రాజకీయ పార్టీ ఇరవై లక్షల యంత్రాలు తిరగాలని టార్గెట్ పెట్టుకోవడం ఎంత వింతో ఆలోచించండి. ఆ రాట్నమే పదహారేళ్ళ తర్వాత ఒకటో తరగతిలోకి వచ్చింది.

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో విద్యా సమావేశం జరిగింది. ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో, ఒక చేతి వృత్తి చుట్టూ. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. గాంధీ గారు ఇంకో మాట కలిపారు: పిల్లలు తయారు చేసిన సరుకు అమ్మగా వచ్చిన డబ్బుతో పంతులు జీతం గడవాలి. సర్కారు దగ్గర బడులకి డబ్బు లేదు, ఉన్న డబ్బు సారా మీద వచ్చే పన్ను, అది ఆయనకి వద్దు. కాబట్టి బడి తన కాళ్ళ మీద తను నిలబడాలి.

అక్కడే కూర్చున్న ఆర్థికవేత్త కె.టి. షా అడ్డం పడ్డాడు. బడిపిల్లల సరుకు బజార్లోకొస్తే, దానికి పత్తి, భవనం, పనిముట్లు సర్కారు ఖర్చు, కూలి సున్నా. బయట ఒక నేతగాడు సొంత ఖర్చుతో అదే సరుకు అమ్ముకోవాలి. వీడెలా పోటీ పడతాడు? పైగా ఏడేళ్ళ పిల్లల చేత సంపాదింపజేయడం ఒక రకం బానిసత్వం కాదా? నన్నడిగితే ఆ రెండు రోజుల్లో అడిగిన గట్టి ప్రశ్న ఇదే. ఎకనామిక్స్ నేర్పే పద్ధతి గురించిన చర్చలో నిజమైన ఎకనామిక్స్ మాట్లాడింది షా గారు.

జాకిర్ హుస్సేన్ కమిటీ ఆ డిసెంబరులోనే నివేదిక ఇచ్చేసింది. రోజుకి ఐదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు వృత్తికే. వినగానే భయమేస్తుంది. కానీ ఆ సమయంలో జరగాల్సింది నూలు వడకడం ఒక్కటే కాదు. ఎన్ని పోగులు తీశావు లెక్కపెట్టు, పత్తి ఎంత ఇచ్చాం, నూలెంత వచ్చింది, తరుగెంత, తూకం వెయ్యి. నిన్నటికన్నా వేగం పెరిగిందా? పత్తి ధర ఇంత, నూలు ధర ఇంత, మధ్యలో మిగిలింది ఎవరిది? పై తరగతుల్లో ఖాతా పుస్తకాలు రాయడం. మా వన్ టౌన్ భాషలో చెప్పాలంటే చిట్టా, ఆవర్జా. లెక్కల పీరియడులో పుట్టే ప్రశ్నలు వృత్తి పీరియడులోంచి రావాలి అన్నది సూత్రం. ఉత్పత్తి, ముడిసరుకు, వృథా, కూలి, విలువ. ఇవన్నీ ఎనిమిదేళ్ళ పిల్లాడి వేళ్ళ మధ్యనుంచి పోతున్న ఒక్క దారప్పోగులో ఉన్నాయి. ఆలోచనగా చూస్తే దీన్ని మించింది నాకు ఇంతవరకూ కనపడలేదు.

ఇందులో నాకు బాగా నచ్చేది, కమిటీ తన సిలబస్‌కి తనే హెచ్చరిక రాసుకోవడం. ఆదాయం వైపు మొగ్గితే పంతుళ్ళు పిల్లల్లోంచి వీలైనంత పని పిండుకుని చదువుని గాలికొదిలే ప్రమాదం ఉందని అందులోనే రాశారు. స్పెసిఫికేషన్‌లోనే దాని బగ్గు రాసి పెట్టారు. మన ప్రాజెక్టుల్లో అలా ఎవరైనా రాస్తారా?

ఎందుకు రాయగలిగాడంటే జాకిర్ హుస్సేన్‌కి అప్పటికే సొంత అనుభవం ఉంది. 1926 నుంచి ఢిల్లీలో జామియా మిలియాని నడుపుతున్నాడు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో పిల్లలే నడిపే దుకాణం ఉండేది, పిల్లల బ్యాంకు ఉండేది. గమనించండి, ఆ దుకాణం పంతులు జీతం కోసం కాదు. అందులో లాభం వచ్చినా నష్టం వచ్చినా బడి మూతపడదు. కానీ డబ్బు నిజం, సరుకు నిజం, కొనేవాడు నిజం. వార్ధా బడికీ జామియా దుకాణానికీ తేడా అంతా ఇక్కడే ఉంది. నా మటుకు నేను జామియా పక్షం.

ఆ భయం ఎంత నిజమో 1953లో తెలిసింది. అప్పటికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. రాజాజీ ప్రభుత్వం పల్లెటూరి ప్రాథమిక బడుల్లో చదువుని రోజుకి మూడు గంటలకి కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలంది. కాగితం మీద ఇదీ 'చేస్తూ నేర్చుకోవడమే'. కానీ కుమ్మరి కొడుకు కుండలే చెయ్యాలి, చాకలి కూతురు బట్టలే ఉతకాలి. కులాన్ని టైంటేబుల్‌లో పెట్టారని జనం మండిపడ్డారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశారు. మన వైపు చేతి పని చదువు అనగానే ఇప్పటికీ చాలామంది పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారంటే కారణం ఉంది. 'నా చేతులు ఎట్లాగూ పనిలో పడ్డాయి, నా పిల్లాడి చేతిలో పుస్తకం ఉంచండి' అనే తల్లికి ఏ విద్యావేత్త జవాబు చెబుతాడు? గల్లాపెట్టె పక్కన కూర్చున్న షావుకారు కొడుక్కి అది ఎకనామిక్స్ పాఠం. అదే కొట్లో బస్తా మోసే మనిషి కొడుకు వచ్చి బస్తా పట్టుకుంటే అది బాలకార్మిక కేసు. రెండూ చేతులతో నేర్చుకోవడమే.

ఇక 1957. ఇది ఎవరూ ప్లాన్ చెయ్యని, దేశమంతా జరిగిన అతిపెద్ద ప్రాక్టికల్ క్లాసు. ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలు. అణాకి ఆరుంపావు పైసలు పడుతుంది, పావు పైసా నాణెం లేదు. కాబట్టి సర్కారు పట్టిక అచ్చేసింది: అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఇప్పుడు మీలో ఫ్లోటింగ్ పాయింట్‌తో చేతులు కాల్చుకున్న వాళ్ళందరికీ ఒక ప్రశ్న. అణా ఖరీదు చేసే బిళ్ళ నాలుగు సార్లు విడివిడిగా కొంటే 24 పైసలు, ఒకేసారి నాలుగు కొంటే 25. పిల్లలు ఏం చేస్తారు? మా తాతయ్య చెప్పేవాడు, వాళ్ళ బడి దగ్గర కొట్టతను ఒకే రోజు నాలుగు సార్లు వచ్చిన పిల్లల్ని తరిమేవాడని. రౌండింగు, ఆర్బిట్రేజు, రేషనింగు మూడూ ఒక పిప్పరమెంటు బిళ్ళలో. ఆ వెంటనే 1958 నుంచి తూకాలు కూడా మారడం మొదలైంది. వీశ, మణుగు పోయి కిలో వచ్చింది. బడిలో కొత్త లెక్క నేర్చుకున్న పిల్లలు ఇంటికొచ్చి అమ్మకి, నాన్నకి వీశె అంటే ఎన్ని గ్రాములో చెప్పడం మొదలెట్టారు. ఇంట్లో లెక్క చెప్పే అధికారం ఒక్కసారిగా పెద్దల నుంచి పిల్లలకి మారింది. అదే సమయంలో ఇంటి ఇత్తడి పాత్రకీ బడి లెక్కకీ మధ్య ఉన్న తాడు తెగిపోయింది కూడా. దశాంశ పద్ధతి రాకూడదని నేను అనను, అది లేకపోతే మన ఉద్యోగాలే లేవు. కానీ తెగిన చోట ఇంకోటి కట్టాల్సింది. కట్టలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు గబగబా దాటేస్తాను. బేసిక్ స్కూళ్ళలో రాట్నాలు అటకెక్కాయి. 1970ల్లో 'సంచయిక' అని బడుల్లో పొదుపు బ్యాంకులు నడిచాయి. మేనేజరూ, క్యాషియరూ పిల్లలే, పాసు పుస్తకాలు వాళ్ళే రాసేవాళ్ళు. మీ నాన్నగార్ని అడగండి, గుర్తుండొచ్చు. వృత్తి విద్య కాస్తా 1977 ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చేతిలో 'సమాజోపయోగకర ఉత్పాదక కృత్యం' అయ్యింది. పేరు పలకడం పూర్తయ్యేసరికి పీరియడు అయిపోయేది.

1980ల్లో మళ్ళీ కదలిక వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదట కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా నడిచి, 1989 నుంచి రాష్ట్రమంతటా వచ్చింది. ఆరు సూత్రాలు. చేస్తూ కనుక్కుంటూ నేర్చుకోవాలి, బృందాలుగా పని చెయ్యాలి, చుట్టూ ఉన్న పరిసరాల్ని వాడుకోవాలి వగైరా. రాష్ట్రంలోని టీచర్లందరినీ ఒక పద్ధతిలోకి మార్చడానికి చేసిన పెద్ద ప్రయత్నం. గోడలకి పిల్లల బొమ్మలు వేలాడాయి, చింతపిక్కలు, పుల్లలు, అగ్గిపెట్టెలు తరగతిలోకొచ్చాయి. అప్పటి టీచర్లతో మాట్లాడితే సగం మంది కళ్ళు మెరుస్తాయి, మిగతా సగం 'చార్టులు కట్టి ఇన్‌స్పెక్షన్‌కి చూపించేవాళ్ళం' అంటారు. నా ఉద్దేశంలో రెండూ నిజమే.

కానీ మా లంచ్ టేబుల్ వాదనకి నేను చూపించాలనుకునే సాక్ష్యం ఇంకోటి ఉంది. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపారు. పద్మనాభరావు, రమ అనే దంపతులు ఆ బడుల కోసం పాఠాలన్నిటినీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి ఒక పెట్టెలో సర్దారు. ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో ఒక నిచ్చెన పటం చూసి వాడే తెలుసుకుంటాడు. (మన భాషలో చెప్పాలంటే మాడ్యూళ్ళూ, డిపెండెన్సీ గ్రాఫూ. కంప్యూటరు లేకుండా.) ఆ బడుల నుంచి పుట్టిందే మెట్రిక్ మేళా. ఊళ్ళో ఒక రోజు పిల్లలు కొట్లు పెడతారు. ఒకడి దగ్గర తరాజు, ఒకడి దగ్గర టేపు, ఇంకొకడి దగ్గర లీటరు కొలత. ఊరి జనం వస్తారు, బరువు చూపించుకుంటారు, సరుకు కొంటారు, చిల్లర లెక్క పిల్లలే చెప్పాలి. బడికెళ్ళని అమ్మ తన కూతురు తరాజు పట్టుకుని నిలబడి తప్పు లేకుండా తూచడం చూస్తుంది. ఆ తల్లికి బడి ఏం చేస్తుందో చెప్పడానికి ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత ఈ కార్డుల పద్ధతి దేశంలో చాలా రాష్ట్రాలకి వెళ్ళింది. అంటే మనం తెచ్చుకోవడమే కాదు, పంపించాం కూడా.

అమెరికా అన్నాడు కాబట్టి ఒక ముచ్చట. 1904లో లిజీ మేగీ అనే ఆవిడ ఒక బోర్డు ఆటకి పేటెంటు తీసుకుంది. భూమి గుప్పిట్లో పెట్టుకున్నవాడు అద్దెలతో మిగతా వాళ్ళని ఎలా ముంచుతాడో పిల్లలకి కూడా అర్థం కావాలని చేసిన ఆట అది. 1935లో పార్కర్ బ్రదర్స్ 'మోనోపలీ' పేరుతో అమ్మిన ఆట దాని పిల్లే. మన ఇళ్ళలో 'బిజినెస్' పేరుతో ఆడేదీ అదే. అద్దె చెడ్డదని చెప్పడానికి పుట్టిన ఆట చివరికి అద్దె ఎలా గుంజాలో నేర్పే ఆట అయింది. ఆటలో ఎవరి వైపు నుంచి కూర్చుంటామన్నదే పాఠాన్ని మార్చేస్తుంది.

ఈ వారాంతపు వర్క్‌షాపుల మీద నా అసలు అభ్యంతరం అదే. ప్లాస్టిక్ నాణేలు అని కాదు. ప్రతి పిల్లాడినీ ఓనరు కుర్చీలోనే కూర్చోబెడతారు. పొదుపు, పెట్టుబడి, లాభం, లోగో. కూలి అన్న మాట ఎక్కడా రాదు. అప్పు ఎవరు ఎందుకు చేస్తారో రాదు. అందరూ అమ్మేవాళ్ళే, మోసేవాళ్ళు ఎవరూ ఉండరు. జాకిర్ హుస్సేన్ సిలబస్‌లో పిల్లాడు ముందు తన వేళ్ళ కష్టం ఎంతకి అమ్ముడవుతుందో చూసేవాడు, తర్వాతే లాభం. ఆ వరస తలకిందులైంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016లో యూపీఐ వచ్చాక డబ్బు కంటికి కనపడటం మానేసింది. ఇప్పుడు వన్ టౌన్లో కొట్టు ముందు స్పీకరు అరుస్తుంది, ఎంత వచ్చిందో. గల్లాపెట్టె పక్కన కూర్చున్న పిల్లాడికి నాణెం బరువు తెలీదు, చిల్లర ఇవ్వాల్సిన పనే లేదు. క్యాంప్‌బెల్ చూసిన పిల్లాడికి ఇత్తడి సోల ఉంది, వార్ధా పిల్లాడికి పోగు ఉంది, 1957 పిల్లాడికి అణా బిళ్ళ ఉంది. వీడికి మోగే శబ్దం ఉంది. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని చేతికి ఏదో అందించక తప్పదు. 2020 జాతీయ విద్యా విధానంలో సంచీ లేని రోజులు పది పెట్టమన్నారు, వడ్రంగి దగ్గరికో కుమ్మరి దగ్గరికో పంపమన్నారు. అది ఆరో తరగతి నుంచి. మూడో తరగతి వాళ్ళ సంగతి మళ్ళీ మనింటికే వదిలేశారు.

కిందటి నెల ఇంటికెళ్ళినప్పుడు మూడో క్లాసు చదివే మా మేనకోడల్ని పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్టుకి తీసుకెళ్ళాను. చేతికి వంద రూపాయల నోటిచ్చి, "ఫోను ఇవ్వను, ఇంతలో కూరలు కొను" అన్నాను. టమాటాలకి మూడు కొట్లు తిరిగింది, పుచ్చులేరింది, కొత్తిమీర ఊరికే ఇమ్మని అడిగి ఇప్పించుకుంది. ఇదంతా నేను ఊహించిందే. బయటికొచ్చేటప్పుడు లారీ దగ్గర ముఠా వాళ్ళు ఉల్లిపాయల బస్తాలు దించుతుంటే ఆగిపోయింది.

"మావయ్యా, మనం ఇచ్చిన డబ్బుల్లో ఆయనకి ఎంత?"

నాకు తెలీదు, ఆయన్నే అడగమన్నాను. అడిగింది. ఆయన బస్తా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నవ్వుకుంటూ బస్తాకి ఎంతో చెప్పాడు. బస్తా 50 కేజీలు. యాభైతో భాగించడం వాళ్ళ క్లాసులో ఇంకా రాలేదట. ఆటోలో పంజా సెంటరు దాటేదాకా వేళ్ళు మడుస్తూ, ముందు పది చేసి, తర్వాత ఐదు చేసి, చివరికి పైసల్లోకి దిగింది.